మన డ్యాముల్లోకి పాత ఫైబర్ బోటు కొనేముందు

మన సీమలో అమ్మకానికి కనబడే పాత ఫైబర్ బోట్లలో చాలావరకు ఇక్కడి నీళ్ళ కోసం చేసినవి కావు. నెల్లూరు, మచిలీపట్నం, కాకినాడ వైపు నుంచి లారీల మీద వచ్చినవే ఎక్కువ. కొన్ని తీరం దగ్గర అలల మీద తిరిగినవి, కొన్ని చేపల చెరువుల్లో మేత చల్లడానికి వాడినవి. అక్కడ వాటికి ఏ లోపమూ కనబడకపోయి ఉండొచ్చు. తెచ్చి శ్రీశైలం వెనకజలాల్లోనో గండికోటలోనో దింపినాక అసలు సంగతి తెలుస్తుంది. మన డ్యాముల్లో ఏడాది తిరిగేలోపు నీళ్ళు పదుల అడుగులు దిగిపోతాయి. దిగేకొద్దీ మోడులు, బండలు, మునిగిన గోడలు అడుగుకు తగుల్తాయి. ఇవి చాలవన్నట్టు, ఒడ్డుకు లాగిన బోటును ఎండాకాలమంతా ఎండ కాలుస్తుంది.

కొనేవాళ్ళలో ఎక్కువమంది ముందు ఇంజను స్టార్ట్ చేయించి శబ్దం వింటారు, తర్వాత రంగు చూస్తారు, అడుగు మాత్రం వంగి చూడరు. ఈ వరస పూర్తిగా తిరగబడాలి. ముందు అడుగు, తర్వాత ఇంజను తగిలించే వెనక పలక, ఆ తర్వాతే ఇంజను. ఇంజను పాడైతే విప్పి ఇంకొకటి పెట్టుకోవచ్చు. వెనక పలక కుళ్ళిన బోటు మీద కొత్త ఇంజను పెడితే రెండూ కలిసి నీళ్ళపాలవుతాయి. రంగు గురించి అసలు మాట్లాడకపోయినా నష్టం లేదు. వారం కిందట కొత్త రంగు పూసిన పాత బోటు కనబడితే మాత్రం అనుమానం పెంచుకోండి.

ఏ నీళ్ళలోకి?

శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలానికి అది సంగమేశ్వరం గుడి బయటపడేంత కిందికి దిగుతుంది. వానలు ఆగినాక ముచ్చుమర్రి దగ్గర ఒడ్డున కట్టేసిన బోటు ఏప్రిల్‌లో చూస్తే నీళ్ళకు చాలా దూరంగా, ఎండిన బురద మీద కూర్చుని ఉంటుంది. అందుకే ఈ నీళ్ళ కోసం కొనేవాళ్ళు మొట్టమొదట అడగాల్సింది బరువు. పద్నాలుగు అడుగుల తేలికపాటి ఫైబర్ బోటును నలుగురు మనుషులు దుంగల మీద దొర్లించి నీళ్ళలోకి దింపగలరు. సముద్రం కోసం మందంగా పోసిన ఇరవై అడుగుల బోటుకు ట్రాక్టరు కావాలి, అది బురదలోకి దిగితే దాన్ని లాగడానికి ఇంకో ట్రాక్టరు కావాలి.

గండికోటలో వేరే సమస్య. తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు మునిగిన తావు అది. గోడలు, కరెంటు స్తంభాలు, చెట్ల మోడులు ఏ మట్టంలో ఎంత లోతున ఉంటాయో రోజురోజుకూ మారుతుంది. ఇక్కడ అడుగు మందం, ఫ్యాను (నీళ్ళను తోసే ఇంజను రెక్కలు) పైకెత్తే వీలు చూడాలి. అనంతపురం వైపు పెన్నహోబిలం, మిడ్ పెన్నార్, పార్నపల్లి దగ్గర చిత్రావతి రిజర్వాయర్లలో గాలిదే రాజ్యం. జూన్ నుంచి ఆగస్టు దాకా రామగిరి, కడవకల్లు గాలిమరలను తిప్పే నైరుతి గాలే ఈ నీళ్ళ మీద పొట్టి పొట్టి నిటారు అలలు లేపుతుంది. అంచు తక్కువున్న బోటులోకి పక్కనుంచి నీళ్ళు పడేది అప్పుడే. వెలుగోడు, అవుకు లాంటి చోట్ల రాళ్ళు పరిచిన కట్ట దగ్గరే ఎక్కీ దిగీ చేయాలంటే అడుగు రోజూ రాయికి రాసుకుంటుంది; అక్కడ బోటు అడుగున ఒక అదనపు పట్టె ఉంటే మంచిది. బుక్కపట్నం, శింగనమల లాంటి చెరువులకైతే ఇంత ఆలోచనే అక్కర్లేదు, మంచి పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) చాలు.

ఆకారం, కొలత

చదును అడుగు బోటు తక్కువ లోతులో తేలుతుంది, మనిషి నిలబడి వల లాగినా ఒక పక్కకు తొందరగా ఒరగదు. ఒడ్డుకు లాగడమూ సులువే. గాలికి మాత్రం అలల మీద దబదబా కొట్టుకుంటుంది. వి-ఆకారపు అడుగు అలను కోసుకుంటూ పోతుంది కానీ నీళ్ళలో ఎక్కువ లోతుకు కూర్చుంటుంది, ఆగి ఉన్నప్పుడు ఊగుతుంది. మన పనికి ముందు ముక్కు దగ్గర వి-ఆకారంతో మొదలై నడుము దాటేసరికి చదునయ్యే బోటు అన్నిటికంటే ఉపయోగం. వెడల్పు నాలుగున్నర అడుగులకు తక్కువైతే వల పని చేసేవాళ్ళు వదిలేయడమే మంచిది.

ఎంతమందిని మోస్తుందో అమ్మేవాళ్ళ నోటి నుంచి తెలుసుకోవద్దు. చిన్న బోట్లకు ఒక లెక్క ఉంది: పొడవును వెడల్పుతో గుణించి, రెండూ అడుగుల్లోనే తీసుకుని, 15తో భాగించాలి. 14 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు ఉంటే 63 వస్తుంది. దాన్ని 15తో భాగిస్తే నాలుగు చిల్లర, అంటే నలుగురు. ఒక్కొక్కరికి 70 కిలోలు వేసుకుంటే 280 కిలోలు. ఐసు, చేపలు నిండిన పెట్టె ఒక మనిషంత బరువు. తడిసిన వలలు ఇంకో మనిషంత. కాబట్టి వేటకు పోయేటప్పుడు ఆ బోటులో నిజంగా కూర్చోవలసింది ఇద్దరే. ఈ లెక్క గాలి లేని రోజుది కూడా. నైరుతి గాలిలో ఇంకా తగ్గించుకోవాలి.

పుట్టి, చెక్క బోటు గురించి కొంచెం

వెదురు పుట్టిని పాతది కొనకండి. పైన తారు నల్లగా మెరుస్తుంటుంది, లోపల వెదురు బద్ద పుచ్చిపోయి ఉంటుంది. బొటనవేలితో నొక్కితే పొడి రాలుతుందంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే. ఫైబర్ పుట్టి అయితే పాతదైనా ఫర్వాలేదు, అంచు చుట్టూ పగుళ్ళు, అడుగు మధ్యలో అరుగుదల చూసుకుంటే చాలు.

చెక్క బోటులో ఒక చిక్కుంది. ఎండలో ఉన్న చెక్క ముడుచుకుని పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. నీళ్ళలో రెండు మూడు రోజులు ముంచి ఉంచితే ఉబ్బి సందులు మూసుకుంటాయి. అమ్మేవాళ్ళు మీకు చూపించేముందు ముంచి పెట్టి ఉంటే చుక్క కూడా కారదు. ఒడ్డుకు లాగించి, ఆరినాక ఇంకోసారి చూడాలి. సన్నటి చాకు మొనను నీటిగీత దగ్గర, మేకుల చుట్టూ గుచ్చండి. అర అంగుళం సులువుగా దిగితే ఆ పలక మార్చాల్సిందే. ఇనుప మేకుల చుట్టూ నల్లటి మరక ఉంటే లోపల మేకు సన్నబడి ఉంటుంది. ఈ పని తెలిసిన వడ్రంగులు మన దగ్గర తగ్గిపోయినారు, అందువల్ల ఇక్కడి నుంచి ఫైబర్ గురించే చెప్తాను.

అడుగు చూడటం

బోటును తిరగేయించాలి. తిరగేయడానికి మనుషులు లేరంటే కనీసం ఒక పక్కకు ఎత్తి టైర్ల మీద ఆనించమనండి. అది కూడా కుదరదంటే బేరం అక్కడే ఆపేయడం మేలు.

మొదట అరచేతితో రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే పైపూత ఎండకు కాలింది. ఇది పెద్ద జబ్బు కాదు, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ పూత వేయొచ్చు. పొడితో పాటు సన్నటి గాజు పోగులు గుచ్చుకుంటే పూత పూర్తిగా పోయి ఫైబర్ బయటపడిందని అర్థం. ఆ పోగుల వెంట నీళ్ళు లోపలికి పాకుతాయి. మన ఎండకు ఒడ్డున బోర్లించి, ఏమీ కప్పకుండా వదిలేసిన బోట్లన్నిటికీ ఇదే గతి.

పగుళ్ళలో రకాలున్నాయి. ఒక బిందువు నుంచి నక్షత్రంలాగా నాలుగు వైపులా పాకినవి ఏదో గట్టి వస్తువు తగిలినందువల్ల వచ్చినవి. లోపలి వైపు అదే తావులో తెల్లటి మరక కనబడితే దెబ్బ లోపలి దాకా పోయింది. ఒకదాని పక్కన ఒకటి, సమాంతరంగా, లోపలి అడ్డపట్టె వెంబడి వరసగా ఉన్న పగుళ్ళు వంగుడువల్ల వచ్చినవి. అంటే అడుగు పల్చగా ఉంది, లేదా అడ్డపట్టె ఊడింది. రెండో రకం ఎక్కువ ప్రమాదం. పైన ముద్ద పెట్టి మూసేసినా పగులు ఆగదు, వంగుడు ఆగితేనే అది ఆగుతుంది.

చిన్న చిన్న బొబ్బలు కనబడొచ్చు, కందిగింజంత నుంచి రూపాయి బిళ్ళంత దాకా. ఇవి ఉప్పునీళ్ళకంటే మంచినీళ్ళలోనే ఎక్కువ వస్తాయి. ఫైబర్ లోపల కరిగిన రసాయనాలు బయటి నీళ్ళను లోపలికి లాక్కుంటాయి, బయటి నీళ్ళలో ఉప్పు తక్కువున్నప్పుడు ఆ లాగుడు బలంగా ఉంటుంది. సముద్రంలో పదేళ్ళు ఏమీ కాని బోటుకు మన డ్యాములో ఏడాదంతా తేలుతూ ఉంటే బొబ్బలు రావడం అందుకే. ఒకటి చిల్లు చేస్తే పుల్లటి ఘాటు వాసనతో జిగట నీరు కారుతుంది. అక్కడక్కడా పది ఉంటే భయం లేదు. అడుగంతా పొక్కి ఉంటే పూత మొత్తం గీకి, వారాల తరబడి ఆరబెట్టి, మళ్ళీ పూయాలి. ఆ ఖర్చుకు ఇంకో బోటు వెతుక్కోవడం నయం.

తర్వాత తట్టడం. స్క్రూడ్రైవర్ పిడితో, సంతలో కుండ కొనేటప్పుడు తట్టినట్టు, జానెడుకొకసారి అడుగంతా తట్టుకుంటూ పోండి. బాగున్న చోట టక్కుమని గట్టిగా వినిపిస్తుంది. పొరలు విడిపోయిన చోట, లోపల నీరు చేరిన చోట మొద్దుగా, చచ్చినట్టు మోగుతుంది. శబ్దం మారిన ప్రతి తావునూ చాక్‌పీసుతో చుట్టండి. తట్టడం అయినాక దూరం జరిగి చూస్తే ఆ చుట్లన్నీ ఒక వరసలో ఉన్నాయా, ఒకే చోట గుంపుగా ఉన్నాయా తెలుస్తుంది. నడుము భాగంలో అడ్డంగా వరస కట్టి ఉంటే బోటు ఒకప్పుడు బండ మీద కూర్చుంది.

పాత అతుకులను తప్పకుండా చూడాలి. ఎంసీల్ లాంటి ఎపాక్సీ ముద్దతో పూడ్చిన చిల్లులు చాలా బోట్లలో ఉంటాయి. అది తాత్కాలికంగా ఆపుతుంది. తర్వాత దాని మీద మామూలు పాలిస్టర్ రెసిన్‌తో ఫైబర్ వేస్తే సరిగ్గా పట్టదు, కొన్నాళ్ళకు పెచ్చులాగా లేస్తుంది. అతుకు వేయాలంటే ఆ ముద్దంతా గీకి పారేయాలి. తర్వాత చిల్లు చుట్టూ ఏటవాలుగా, మందానికి పన్నెండు రెట్ల దూరం దాకా గ్రైండరుతో అరగదీయాలి. అడుగు మందం 5 మిల్లీమీటర్లుంటే చుట్టూ 6 సెంటీమీటర్లు. చదరపు మీటరుకు 450 గ్రాములుండే ఫైబర్ మ్యాట్ ఒక పొర ఆరితే సుమారు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది, కాబట్టి ఐదారు పొరలు పడతాయి. చిన్న ముక్క నుంచి పెద్ద ముక్కకు వేసుకుంటూ రావాలి.

కిలో రెసిన్‌కు హార్డ్‌నర్ 10 నుంచి 20 మిల్లీలీటర్లు. మన ఎండకు పదికి మించితే బకెట్లోనే గడ్డకడుతుంది, అందుకే పొద్దున్నే, నీడలో, కొంచెం కొంచెం కలుపుకోవాలి. కోబాల్ట్ (రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) విడిగా ఇచ్చిన రెసిన్ అయితే ముందు కోబాల్ట్ బాగా కలిపి, ఆ తర్వాతే హార్డ్‌నర్ పోయాలి. ఆ రెండిటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా. అతుకు వేసే మనిషి ఈ రెండు సీసాలనూ పక్కపక్కనే పెట్టుకుని ఒకే కొలత గ్లాసు వాడుతుంటే ఆ పని ఆయనకు ఇవ్వకండి.

చివరగా కారుడు. బోటును మెత్తటి ఇసుక మీద సమంగా కూర్చోబెట్టి లోపల నీళ్ళు పోసి బయట ఎక్కడ చెమరుస్తుందో చూడటం పాత పద్ధతి, మంచి పద్ధతే. అతి చేయకూడదు. పదహారు అడుగుల బోటుకు అడుగుభాగం వెడల్పు నాలుగు అడుగులుంటే అంగుళం నీళ్ళకే 150 లీటర్లు, అంటే 150 కిలోలు. రెండంగుళాలు చాలు. నిండా పోస్తే బాగున్న బోటు కూడా పగులుతుంది.

వెనక పలక

ఇంజను తగిలించే ఈ పలక బయటికి ఫైబర్‌లాగా కనబడుతుంది, లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఇంజను బిగించిన బోల్టు చిల్లుల నుంచి, నీళ్ళు వదిలే బిరడా చిల్లు నుంచి తడి లోపలికి చేరుతుంది. ఇంకో సంగతి: ఉప్పునీరు చెక్కను అంత త్వరగా కుళ్ళనివ్వదు, వాననీరు, మంచినీరు కుళ్ళిస్తాయి. సముద్రంలో తిరిగి వచ్చిన బోటు మన ఒడ్డున రెండు వానాకాలాలు ఆకాశం కింద పడి ఉంటే పలక లోపల ముద్దయిపోయి ఉండొచ్చు, బయట ఏమీ తెలియదు.

ఇంజను తగిలించి ఉంటే పరీక్ష సులువు. ఇంజనును సగం పైకెత్తి లాక్ చేయించండి. కింది కాలు పట్టుకుని ఒంటి బరువు వేసి పైకీ కిందికీ ఊపండి. ఇంకొకరు పలక, పక్క గోడ కలిసే మూల దగ్గర కన్ను పెట్టి చూడాలి. పలక కదిలినా, మూలలో సన్నటి గీత తెరుచుకుని మూసుకున్నా, బోల్టుల చుట్టూ గోధుమరంగు నీళ్ళు ఊరినా చెక్క పోయినట్టే. "ఎండకు అట్లే ఉంటాదిలే అన్నా" అంటారు అమ్మేవాళ్ళు. ఎండకు పలక ఊగదు.

ఇంజను లేకుంటే కింది బోల్టు ఒకటి విప్పమని అడగండి. ఆ చిల్లులోకి సన్నటి స్క్రూడ్రైవర్ తోసి తిప్పితే గట్టి పొడి చెక్కయితే పొట్టు వస్తుంది, కుళ్ళినదైతే నల్లటి తడి ముద్ద వస్తుంది. బోల్టు విప్పనివ్వని మనిషి దగ్గర కొనాల్సిన అవసరం లేదు. పలక పైఅంచు మీద ఇంజను క్లాంపు నొక్కిన తావు కూడా చూడండి. అర సెంటీమీటరు గుంత పడి ఉంటే లోపల చెక్క మెత్తబడింది.

బాగు చేయించడం సాధ్యమే. లోపలి వైపు ఫైబర్ పొర కోసి, కుళ్ళిన చెక్కంతా తవ్వి, ఆరనిచ్చి, ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లవి రెండు అతికించి పెట్టాలి. చెక్క అంచులకు రెసిన్ బాగా తాపాలి, మూలలను గుండ్రంగా పూడ్చి పక్క గోడల మీదికి జానెడు దాకా మ్యాట్ తేవాలి. కొందరు పైన అల్యూమినియం రేకు బిగించి పలక బలపడిందంటారు, అది కుళ్ళును దాచిపెట్టడమే. బోల్టు చిల్లులను బాత్రూముల్లో వాడే సిలికాన్‌తో మూయకుండా పాలీయురేథేన్ సీలెంట్ వాడించండి. ఈ పనికి ఎంతవుతుందో ఫైబర్ పని చేసే వాళ్ళను ముందే అడిగి, ఆ మొత్తం బేరంలో తగ్గించమనాలి. ఒప్పుకుంటే కొనొచ్చు, మిగతా బోటు బాగుంటే.

మునిగినా తేలాలి

సీట్ల కింద, ముక్కులో మూసిన గదులుంటాయి. వాటిలో ఏముందో అడిగితే "ఫోమ్ ఉంది" అంటారు. ఉన్నది మంచి ఫోమా, థర్మాకోలా? థర్మాకోల్ పెట్రోలు తగిలితే కరిగిపోతుంది, పాలిస్టర్ రెసిన్ తగిలినా కరుగుతుంది. పెట్రోలు ట్యాంకు పక్క గదిలో థర్మాకోల్ పెట్టిన బోట్లలో తెరిచి చూస్తే గది ఖాళీగా ఉంటుంది, అడుగున జిగురు మిగిలి ఉంటుంది. పోసిన ఫోమ్ అయితే నీళ్ళు పీల్చుకుందా చూడాలి. బోటు బరువు మీద అనుమానం వస్తే తెచ్చే దారిలో వే బ్రిడ్జ్ మీద బండి ఖాళీ బరువు, బోటుతో బరువు తూకం వేయిస్తే తేలిపోతుంది. ఫోమ్‌లో చేరిన నీళ్ళు లీటరుకు కిలో చొప్పున పట్టిస్తాయి.

ఎంత ఫోమ్ కావాలో లెక్క కట్టుకోవచ్చు. ఫైబర్ నీళ్ళకంటే ఒకటిన్నర రెట్లు బరువు, కాబట్టి 150 కిలోల బోటు మునిగినప్పుడు మిగిలే బరువు 50 కిలోలు. 40 కిలోల ఇంజను మునిగితే సుమారు 30. లంగరు, పనిముట్లు ఇంకో 20. అంటే బోటు ఒక్కటే తేలాలన్నా 100 లీటర్ల గాలి కావాలి. నలుగురు పట్టుకుని వేలాడాలంటే 200 పెట్టుకోండి. గదుల్లో ఏమీ లేని బోటుకు మూత గట్టిగా బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాన్లు పది, సీట్ల కింద పట్టీలతో కట్టేస్తే ఆ లెక్క సరిపోతుంది. చూడ్డానికి బాగుండదు. పని మాత్రం చేస్తుంది. రెండు పక్కలా సమంగా కట్టాలి, ఎంత పైకి కడితే బోటు అంత తిన్నగా తేలుతుంది.

ఇంజను

మోడులున్న, లోతు తగ్గే నీళ్ళకు లాంగ్‌టెయిల్ నాకు ఎక్కువ నచ్చుతుంది. గాలితో చల్లబడే చిన్న పెట్రోలు ఇంజను, పొడవాటి షాఫ్టు, చివర ఫ్యాను. మోడు తగిలితే పిడి కిందికి నొక్కగానే ఫ్యాను పైకి లేస్తుంది. విడిభాగాలు మామూలు నీళ్ళ పంపు ఇంజను మెకానిక్ దగ్గరే దొరుకుతాయి. పాతది కొనేటప్పుడు షాఫ్టును చేత్తో నెమ్మదిగా తిప్పి చివర వంకర తిరుగుతుందేమో చూడండి. ఫ్యాను దగ్గర షాఫ్టును పక్కలకు ఊపితే లూజుంటే బుష్ అరిగింది. చెవులకు చాలా శబ్దం, అది మాత్రం భరించాలి.

ఔట్‌బోర్డ్ (వెనక పలకకు బిగించి, నిలువు కాలు నీళ్ళలోకి దిగే ఇంజను) అయితే మొదట కొలత. పొట్టి కాలు ఇంజను 15 అంగుళాల పలకకు, పొడుగు కాలు 20 అంగుళాల పలకకు. పొట్టి పలక మీద పొడుగు కాలు పెడితే ఫ్యాను ఐదంగుళాలు అదనంగా కిందికి వేలాడి ప్రతి మోడునూ వెతుక్కుంటుంది. ఫ్యాను పైనున్న అడ్డ రేకు బోటు అడుగుతో సమానంగానో, అంగుళం కిందనో ఉండాలి.

మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలి. మూత తీసి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే స్టార్టింగ్ ఇబ్బందిని దాచడానికి ముందే తిప్పి పెట్టారన్నమాట. ఆరేదాకా కూర్చోండి, అంతలో మిగతావి చూసుకోవచ్చు. స్టార్ట్ చేయకముందే కింది గేరు పెట్టె అడుగు స్క్రూ కొంచెం వదులు చేయండి. ముందు నీళ్ళు కారితే, లేదా ఆయిల్ పాలలాగా తెల్లగా వస్తే సీళ్ళు పోయాయి. వలల్లో వాడే నైలాన్ దారం ఫ్యాను వెనక షాఫ్టుకు చుట్టుకుని సీలును కోసేయడం దీనికి మామూలు కారణం, కాబట్టి ఫ్యాను విప్పించి లోపల చూడండి. ఆయిల్‌లో వెండి మెరుపు రజను వస్తే గేర్లు అరుగుతున్నాయి.

స్పార్క్ ప్లగ్గులు విప్పి ప్రతి సిలిండరుకూ కంప్రెషన్ గేజి పెట్టించండి. మోటారు సైకిల్ మెకానిక్ దగ్గర ఆ గేజి దొరుకుతుంది. ఎంత వచ్చిందన్నదానికంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పదిశాతం దాటితే రింగులో, గ్యాస్కెట్టో పోయింది.

సముద్రం నుంచి వచ్చిన ఇంజనుకు మూత కింద తెల్లటి పొడి, ఉబ్బిన రంగు, బిగుసుకున్న బోల్టులు ఉంటాయి. డీజిల్ తుడిచి మెరిపించినా బోల్టు మొదట్లో ఉప్పు కనబడుతుంది. ఇంజను లోహం తినకుండా తాను కరిగిపోయేలా దానికి కట్టి ఉన్న జింకు దిమ్మె ఉప్పునీళ్ళకు సరిపోతుంది, మంచినీళ్ళలో పెద్దగా పనిచేయదు. మన నీళ్ళకు మెగ్నీషియం, లేదంటే అల్యూమినియం దిమ్మె వేయించాలి.

ఇంజనును డ్రమ్ము నీళ్ళలో పెట్టి తిప్పండి, పొడిగా తిప్పనివ్వకండి. నీళ్ళు లేకుండా కొన్ని సెకన్లు తిరిగినా చల్లబరిచే నీళ్ళు తోడే లోపలి రబ్బరు ఇంపెల్లరు కాలిపోతుంది. స్టార్ట్ అయిన వెంటనే వెనక సన్నటి ధార గట్టిగా రావాలి. ధార బలహీనంగా ఉంటే ఇంపెల్లరు అరిగింది, లేదా దారి బురదతో పూడింది. మన డ్యాముల్లో కొత్తనీరు వచ్చే నెలల్లో ఒండ్రు ఇంపెల్లరును త్వరగా తినేస్తుంది. కొన్న ఇంజను ఏదైనా అది మార్చేసి మొదలుపెట్టడం మంచిది. పాత రబ్బరు పైపులనూ మార్చేయాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటుంది, అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది, గాల్లో తేమను పీల్చి ట్యాంకు అడుగున నీళ్ళు చేరుస్తుంది. టూ-స్ట్రోక్ అయితే ఆ మోడల్‌కు పెట్రోలులో ఎంత ఆయిల్ కలపాలో అడిగి తెలుసుకోండి. 50 లీటర్లకు ఒక లీటరు చాలా ఇంజన్లకు సరిపోతుంది కానీ కిరోసిన్‌తో నడిచేవాటికి వేరు.

నీళ్ళలో దింపి చూడటం

అడ్వాన్సు ఇవ్వడం దీని తర్వాతే. మనుషులు చాలకపోతే 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు ఎక్కించి మీరు రోజూ మోసే బరువు వేయండి. గంటసేపు కదలకుండా తేలనిచ్చి అడుగున ఎంత నీరు చేరిందో చూడండి. తర్వాత పూర్తి వేగంతో ఒకసారి, రెండు వైపులా మలుపులు, రివర్సు. అంతా అయినాక ఒక మనిషి అంచు మీద కూర్చుంటే ఎంత ఒరుగుతుందో చూడాలి. ఒరిగినప్పుడు అంచుకూ నీళ్ళకూ మధ్య జానెడు కూడా మిగలకపోతే ఆ బోటు గాలి కాలానికి పనికిరాదు. తెడ్లతో కూడా లాగి చూడండి. ఇంజను ఆగిన రోజు ఆ బోటును ఒడ్డుకు చేర్చేది అవే.

కాగితాలు, లారీ

ఇంజను బిల్లు మీది నంబరు, ఇంజను ప్లేటు మీది నంబరు ఒకటేనా చూడండి. నంబరు గీకి ఉంటే చేతులు దులుపుకుని వచ్చేయండి. ప్రభుత్వ సబ్సిడీతో ఇచ్చిన బోటైతే ఇంకొకరికి అమ్మడానికి షరతులుంటాయి, మంజూరు కాగితం చదివినాకే బేరం. వేటకు లైసెన్సు మత్స్యశాఖ నుంచి మీ పేరున వేరుగా తీసుకోవాలి, బోటుతో పాటు రాదు. శ్రీశైలంలో అవతలి ఒడ్డు తెలంగాణది, రెండు వైపులా వేటాడాలనుకునేవాళ్ళు రెండు చోట్లా అడగాలి. బోటులో అలివి వలలు (చేపపిల్లలను కూడా ఊడ్చేసే సన్నటి కన్నుల వలలు) ఉచితంగా ఇస్తానంటే వద్దనండి, అవి నిషేధం. సంగమేశ్వరం చూపిస్తామని యాత్రికులను ఎక్కించుకోవడానికి వేట బోటు పనికిరాదు, దాని అనుమతులు వేరు. 2019లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన తర్వాత అధికారులు అట్లాంటి బోట్లను ఊరికే వదలడం లేదు.

తెచ్చేటప్పుడు పద్నాలుగు అడుగుల బోటుకు పద్నాలుగు అడుగుల ఐషర్ లారీ చాలు. బొలెరో పికప్‌లో సగం బయటికి వేలాడదీసి తెస్తే గుంత పడ్డ ప్రతిసారీ నడుము వంగుతుంది, మీరు అంతసేపు తట్టి చూసి పగుళ్ళు లేవనుకున్న తావులోనే పగుళ్ళు వస్తాయి. ముక్కు కింద, నడుము కింద, వెనక పలక కింద టైర్లు వేయాలి. ఇంజను విప్పి, నిలువుగా కట్టాలి. పడుకోబెట్టక తప్పకపోతే ముందుగా నీళ్ళన్నీ కారనివ్వాలి. ఫోర్-స్ట్రోక్ అయితే ఏ పక్కకు పడుకోబెట్టాలో కేసు మీద గుర్తు ఉంటుంది. తాళ్ళు అంచును కోయకుండా గోనెసంచి మడిచి కింద పెట్టి, పక్కలకు కాకుండా ముక్కు కొక్కేనికి, వెనక కొక్కేలకు బిగించాలి.